ఎగువ బీవర్, దిగువ బీవర్

తెలుగులో సరైన పేరు కూడా లేని ఒక జంతువు కోసం మా ఆయన ప్రభుదాస్ గారితో మాటలు మానేశాడు. ఆ జంతువు ఉండేది కెనడాలో. మేం ఉండేది దుబాయ్‌లో, అల్ కుసైస్‌లో. ప్రభుదాస్ గారు ఉండేదీ అక్కడే, రోడ్డుకు అవతలి బిల్డింగ్‌లో.

ఇది 2024 ఏప్రిల్ సంగతి. మా శ్రీజ నాలుగో తరగతి. కెనడా అడవి జంతువుల మీద ఇద్దరిద్దరు పిల్లలు కలిసి నమూనా తయారుచేసి, క్లాసులో నిలబడి వివరించాలని వాళ్ల టీచర్ శాంతిప్రియ చీట్లు వేయించింది. తెల్ల ఎలుగుబంటి, తోడేలు, గుర్రమంత ఎత్తుండే దుప్పి అదృష్టవంతులకు పోగా, శ్రీజకూ తన్మయికీ బీవర్ వచ్చింది. పందికొక్కు ముఖం, అట్లకాడ తోక, నారింజరంగు పళ్లు. ఆ పళ్లతో చెట్లు కొరికి పడేసి వాగుకు అడ్డంగా ఆనకట్ట కడుతుందట. ఆనకట్ట అన్న మాట విన్నప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

తన్మయి ప్రభుదాస్ గారి అమ్మాయి. శ్రీజకు నలుగురిలో మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంటుంది. తన్మయి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంటే మాత్రం ఎలాగోలా వాక్యం పూర్తి చేస్తుంది. బళ్లో అది నోరు విప్పేది ఆ ఒక్క పిల్ల ఉన్నప్పుడే. కాబట్టి నా దృష్టిలో ఆ ప్రాజెక్టు బీవర్ గురించి కాదు. గురువారం నాడు నా కూతురు ముప్ఫైమంది ముందు నోరు తెరుస్తుందా లేదా అన్నదే.

ఆదివారం మా హాల్లో పిల్లలిద్దరూ థర్మోకోల్ మీద నీలిరంగు వాగు వేశారు. ఐస్‌క్రీమ్ పుల్లలు, ఖర్జూరపు ఈనెలు, బంకమట్టితో ఆనకట్ట కట్టారు. మట్టితోనే బీవర్‌నూ చేశారు. శ్రీజ వంటింట్లోకి వచ్చి, "అమ్మా, బీవర్లు ఒడ్డున మట్టి కుప్పలు కూడా పోస్తాయి తెలుసా, ఎందుకంటే..." అంటుంటే నేను పోపు మాడుతోందని పంపించేశాను.

మా ఆయన మూర్తి డ్రైనేజీ డిజైన్లు చేసే ఆఫీసులో ఇంజినీరు. తెనాలి కాలువగట్టు మనిషి. నమూనా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "గేట్లేవమ్మా? కిందికి నీళ్లు వదలకపోతే దిగువవాళ్ల గతేం కాను?" అన్నాడు.

తన్మయిని తీసుకెళ్లడానికి వచ్చిన ప్రభుదాస్ గారు అప్పుడే చెప్పులు విప్పుతున్నారు. ఆయన ఏదో కంపెనీలో సైటు ఇంజినీరు, పాలమూరు మనిషి. "గదేంది మూర్తిగారూ, మీదున్నోళ్లు తాగినంకనే గదా కిందోళ్లకు. కండ్లముందల కృష్ణ పోతుంటె మేం బోరింగు కొట్టుకుంట బతికినం" అన్నారు.

"ముందునుంచీ వాడుకుంటున్నవాడికి హక్కుండదా అండీ? మా ఆయకట్టు ఇవాళ్టిదా?"

"మీరు ముందుగాల వాడుకున్నరు గాబట్టే మాకు దక్కలే."

నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల మధ్య ముళ్లకంచె పడి అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు. ఇద్దరికీ లెక్కలన్నీ నోటిమీదున్నాయి. నేను టీ పెట్టి తెచ్చేసరికి టీఎంసీల దాకా వెళ్లారు, టీ చల్లారేసరికి ముత్తాతల దాకా వెళ్లారు. చివరికి ప్రభుదాస్ గారు లేచి, "నడువ్ బిడ్డా. మనది మనం జేస్కుందాం" అన్నారు. మా ఆయనకు పౌరుషం వచ్చింది. వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చి, సరిగ్గా ఆనకట్ట నడుమనుంచి థర్మోకోల్‌ను రెండుగా కోశాడు. ఎగువ ముక్క వాళ్లకు, దిగువ ముక్క మాకు. బీవర్ ఎవరిదో తేలలేదు. రాష్ట్రం విడిపోయినప్పుడు తేలని ఆస్తులు చాలానే ఉన్నాయి కదా, ఇదొకటి. తన్మయి దాన్ని కింద మా బిల్డింగ్ నాతూర్‌కు ఇచ్చి వెళ్లింది.

నాతూరంటే వాచ్‌మన్. పేరు ఖాదర్ హుస్సేన్, కడప జిల్లా. ఆయన దాన్ని లాబీలో తన బల్ల మీద, పార్సిళ్ల పుస్తకం పక్కన పెట్టుకున్నాడు. "ఊద్‌బిలావ్, అదే నీటిపిల్లి, కదా మేడమ్ ఇది?" అన్నాడు. కాదో అవునో నాకూ తెలియదు.

ఆ సాయంత్రం శ్రీజ దిగువ ముక్క ముందు కూర్చుని, "నేను చెప్పను" అంది. ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది. మా ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

మంగళవారం వాన పడింది. దుబాయ్‌లో వానంటే మామూలుగా ఫొటోలు తీసుకునేంత పడుతుంది. ఆ రోజు ఫొటోలు తీసినవాళ్ల కార్లు కూడా మునిగేంత పడింది. స్కూళ్లు ఆన్‌లైన్ అన్నారు. ప్రాజెక్టు వివరణ కూడా గురువారం ఫోన్లోనే అన్నారు. మా లిఫ్టు ఆగిపోయింది, బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయి.

బుధవారం పొద్దున్నే మా ఆయన లుంగీ ఎగ్గట్టి రంగంలోకి దిగాడు. పదేళ్లుగా కాగితాల మీద వదులుతున్న నీళ్లను తొలిసారి చేత్తో వదిలే అవకాశం వచ్చింది. ఎక్కడినుంచో పంపు సంపాదించి, బేస్‌మెంట్ నీళ్లు రోడ్డు మీదికి తోడించాడు. గేటుకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చాడు. ఆ రోడ్డు వాలు ప్రభుదాస్ గారి బిల్డింగ్ వైపు.

పది నిమిషాల్లో ప్రభుదాస్ గారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి బయటికొచ్చారు. "మీదున్నమని ఇష్టమొచ్చినట్లు ఇడుస్తరా? కిందోళ్ల గతేం గావాలె?"

"నీళ్లు పల్లానికి పోతాయండీ. మా దగ్గర పడ్డ నీళ్లు, మా ఇష్టం" అన్నాడు తెనాలి కాలువగట్టు మనిషి.

నేను బాల్కనీలోంచి వింటూనే ఉన్నాను. ఆదివారం మా హాల్లో ఎవరు ఏ మాటన్నారో నాకు గుర్తుంది. మాటలవే, మనుషులే అటూ ఇటూ మారారు. ఎగువనున్నవాడు ఎగువ మాటే మాట్లాడతాడు, ఏ జిల్లావాడైనా.

ప్రభుదాస్ గారు కూడా బస్తాలు తెప్పించి తమ గేటు ముందు కట్ట వేయించారు. నీళ్లు వెనక్కు మళ్లాయి. మా ఆయన ఇంకో వరుస పెంచాడు. మధ్యలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి రెండువైపులా బస్తాలు అందిస్తున్నది ఖాదర్ హుస్సేనే.

"మా ఊర్లో నీళ్ల కోసరం తలకాయలు పగలగొట్టుకున్నోళ్లను చూసినా సార్" అన్నాడు ఆయన. "నాకొద్దంటే నాకొద్దని కొట్లాడేది ఇదే మొదులు చూసేది."

ఇద్దరూ వినిపించుకోలేదు.

గురువారం పదిగంటలకు శ్రీజ వంతు. తొమ్మిదింటికి నేను ప్రభుదాస్ గారి భార్య నవతకు ఫోన్ చేశాను. "నేనే జేద్దామనుకుంటున్న వదినా" అంది. మా యాసలు వేరు గానీ, మొగుళ్ల మీద విసుక్కోవడానికి రెండూ బాగానే పనికొస్తాయి. ఖాదర్ హుస్సేన్‌కు కబురు చేశాం. ఆయన తన్మయిని భుజాలమీద ఎక్కించుకుని, తలమీద ఎగువ ముక్క పెట్టుకుని, రోడ్డు దాటించాడు. శ్రీజను దిగువ ముక్కతో సహా ఆరు అంతస్తులు నేను దించాను. రెండు ముక్కలూ లాబీలో ఆయన బల్ల మీద కలిశాయి. "యల్లా, మొదలుపెట్టండమ్మా" అంటూ బీవర్‌ను ఆయనే మధ్యలో పెట్టాడు.

ఎదురుగా గేటు. గేటుకు ఇవతల మా ఆయన, రోడ్డుకు అవతల ప్రభుదాస్ గారు, ఎవరి కట్టమీద వాళ్లు. కూతుళ్లను చూసి కూడా ఎవరూ దిగలేదు.

ఫోన్లో ముప్ఫై చిన్న ముఖాలు. ఇంగ్లీషులోనే జరిగింది, నేను తెలుగులో రాస్తున్నాను. తన్మయి చెయ్యి పట్టుకుని శ్రీజ మొదలుపెట్టింది. "బ... బ..." దగ్గర ఆగింది. తన్మయి మాట అందించలేదు, తొందరపెట్టలేదు, చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడింది. "బీవర్" అంది శ్రీజ. తర్వాత వాగు, ఇల్లు, పళ్లు, తోక, అన్నీ నెమ్మదిగా వచ్చాయి.

"బీవర్‌కు శత్రువులెవరు?" అని అడిగింది టీచర్.

"తోడేలు, ఎలుగుబంటి" అంది తన్మయి.

శ్రీజ తల అడ్డంగా ఊపింది. "కానీ ఎక్కువ కొట్లాడేది పక్క బీవర్‌తో. ఒడ్డున మట్టి కుప్పలు పోసి, వాటికి తన వాసన పెడుతుంది. ఇటు రావద్దని."

"కుప్పలంటే ఎలా ఉంటాయమ్మా? మీ నమూనాలో కనబడటం లేదే?"

శ్రీజ ఒక్కక్షణం ఆలోచించింది. తన్మయి చెయ్యి వదిలేసింది. రెండుచేతులా ఫోన్ పట్టుకుని గేటువైపు తిప్పింది. "ఇలా ఉంటాయి టీచర్. ఇటుపక్కది మా నాన్న. అటుపక్కది తన్మయి వాళ్ల నాన్న." ఒక్క అక్షరం తడబడలేదు.

ముప్ఫైమంది పిల్లలు ఒక్కసారి నవ్విన శబ్దం లాబీ అంతా నిండింది. ఎత్తిన బస్తాను దించాలో ఉంచాలో తెలియక మా ఆయన దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు. అవతల ప్రభుదాస్ గారు మడిచిన ప్యాంటు కిందికి దించుకోబోయి, నీళ్లున్నాయని గుర్తొచ్చి మానేశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాప చెయ్యి వదిలేసి మాట్లాడిందని ఆ ఇద్దరూ గమనించలేదు, నేనూ ఖాదర్ హుస్సేనూ చూశాం.

మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చి రోడ్డుమీది నీళ్లన్నీ పీల్చుకుపోయింది. అందులో ఎవరి వాటా ఎంతని ఎవరూ అడగలేదు.

ప్రాజెక్టుకు పదికి తొమ్మిది వచ్చాయి. వివరణ చాలా బాగుందని, నమూనాకు మధ్యలో అతుకు కనబడుతోందని ఒక మార్కు తగ్గించానని టీచర్ రాసింది. శ్రీజ ఆ కాగితం తెచ్చి వాళ్ల నాన్న చేతిలో పెట్టి, తన్మయితో ఆడుకోవడానికి కిందికి వెళ్లిపోయింది.