అమ్మ మాట్లాడని రోజులు

ఆమె ఒక కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పసిపిల్లల బట్టలు కుట్టే లైను ఆమెది. అందరూ మేడమ్ అని పిలిచేవారు. పక్కకెళ్ళి మాట్లాడుకునేటప్పుడు కూడా మేడమ్ అనే అనేవారు. సూపర్‌వైజర్లకి అంత మర్యాద మామూలుగా దొరకదు.

ఆ మర్యాద ఆమెకి ఊరికే రాలేదు. ఒకప్పుడు అక్కడ సూది విరిగితే ఆ పూట కూలి కోసేవారు. దాంతో విరిగిన ముక్కలు జడల్లోకీ, చెప్పుల కిందకీ పోయేవి గానీ ఆఫీసుకి మాత్రం చేరేవి కావు. ఒకసారి చిన్న గౌను మడతలో సూదిమొన దొరికింది. ఆరోజు ఆమె మేనేజరు ముందు నిలబడి, "భయపెడితే దాస్తారు సార్. దాచింది ఏ పసిబిడ్డ ఒంట్లోనో దిగుతుంది. నా లైన్లో మాత్రం సూది విరిగిందని చెప్పినవాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదు" అని పట్టుబట్టింది. మేనేజరు సణుగుతూనే ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఆమె లైన్లో సూది విరిగితే ఆపరేటరు మెషీను ఆపి, ముక్కలన్నీ ఏరి, ఆమె చేతిలో పెట్టి కొత్త సూది పట్టుకెళ్తుంది.

ఇంట్లో కూడా తాను అదే మనిషినని ఆమె నమ్మకం.

ఆమెకి ఒక్కతే కూతురు, నాలుగో తరగతి. లేచింది మొదలు నోరు మూయకుండా కబుర్లు చెప్పేదని వాళ్ళ నాన్న పిచ్చుక అని పేరు పెట్టాడు. ఆయన పాల వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి పడుకుంటాడు.

ఆమె కూతురి మీద ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. చిన్నప్పుడు తండ్రి చేతిలో బెల్టు దెబ్బలు తిన్న మనిషి. నా బిడ్డని కొట్టను అని పెళ్ళికి ముందే ఒట్టు పెట్టుకుంది, ఆ ఒట్టు తప్పలేదు. పిల్ల తప్పు చేస్తే మాట్లాడటం మానేసేది, అంతే. అన్నం పెట్టేది, జడ వేసేది, స్కూలు సంచీ సర్దేది. కళ్ళు మాత్రం కలిపేది కాదు. పిల్ల "అమ్మా" అంటే గోడని పిలిచినట్టే ఉండేది. గాజు గ్లాసు పగిలితే ఒక రోజు. అబద్ధం చెబితే అంతకంటే ఎక్కువ. ఏడిస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. పిచ్చుక కాళ్ళావేళ్ళా పడి, ఇంకెప్పుడూ చెయ్యనని వందసార్లు అన్నాక, ఆమెకి చాలనిపించినప్పుడు, "అన్నానికి రా" అనేది. ఆ రెండు మాటలకే పిల్ల ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసి, దారిలోకి వచ్చింది అనుకునేది తల్లి.

"చిన్నపిల్ల కదా, పోనీలేద్దూ" అనేవాడు భర్త.

"మీరు గారం చేస్తారు, నేను దిద్దుకుంటాను. ఒక్క దెబ్బ వేశానా చెప్పండి."

వెయ్యలేదు మరి. ఆయన దుప్పటి ముసుగు పెట్టుకుని అటు తిరిగేవాడు.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం పిచ్చుక స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న నిద్రలో ఉన్నాడు, అమ్మ ఇంకా రాలేదు. మర్నాటి స్కూలు గౌను నలిగి ఉంది. నలిగిన బట్టలంటే అమ్మకి గిట్టదు. ఇస్త్రీ పెట్టె ముట్టుకున్నా గిట్టదు. రెండింటిలో ఏది చిన్న తప్పో పిల్ల ఆలోచించుకుంది. బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ మొదలుపెట్టింది. అంతా బాగానే నడిచింది గానీ, ఆఖర్న తీగ చేతికి తట్టుకుని పెట్టె బల్ల మీంచి జారింది. కింద పడితే పగులుతుంది. పగిలితే అమ్మకి తెలుస్తుంది. పిల్ల ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి దాన్ని ఆపింది.

అరవలేదు. నాన్న లేస్తాడని.

పెట్టె చల్లారబెట్టి, ఎక్కడిదక్కడ సర్దేసి, చేతికి టూత్‌పేస్టు రాసుకుంది. ఆ తర్వాత ఆ చెయ్యి స్వెట్టరు జేబులోంచి బయటికి రాలేదు. తినడానికి కుడిచెయ్యి చాలు. స్నానం తనే చేస్తానంది. "పెద్దదాన్నయ్యాను కదమ్మా" అంటే తల్లి మురిసిపోయింది కూడా. లోపల బొబ్బ చితికింది, చీము పట్టింది. పిడికిలి విప్పితే ప్రాణం పోతుంటే పిల్ల విప్పడమే మానేసింది.

వారం దాటాక ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. స్వెట్టరు విప్పబోయిన తండ్రికి వాసన తగిలింది.

ఆసుపత్రిలో డాక్టరు పిడికిలిని మెల్లగా విప్పబోయి ఆగిపోయింది. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మీరు?" అంది తల్లిదండ్రుల వంక చూసి. కోపంగా కూడా అనలేదు. కట్టు కట్టే గదిలోకి తల్లిని రానివ్వలేదు. తెర బయట నిలబడింది.

లోపల నర్సు బుజ్జగిస్తోంది. "ఎందుకు చెప్పలేదురా కన్నా? అమ్మ కొడుతుందనా?"

"మా అమ్మ కొట్టదు."

"మరి?"

ఈసారి మెల్లగా పిల్ల గొంతు. "మాట్లాడదు."

నర్సుకి అర్థమైనట్టు లేదు. "ఓస్, అంతేనా" అంది.

తెర బయట తల్లి మాత్రం గోడకి ఆనుకుని అలాగే కిందకి కూలబడింది. భర్త పక్కనే ఉన్నాడు. లేవదీయలేదు. దుప్పటి ముసుగు పెట్టుకున్న రోజులు ఆయనకీ గుర్తొస్తున్నట్టున్నాయి.

తొడ చర్మం తీసి అరచేతికి అతికించారు. ప్రాణానికి భయం లేదన్నారు. వేళ్ళ సంగతి చెప్పలేమన్నారు.

సెలవు అయిపోయి ఆమె పనిలోకి వెళ్ళిన మొదటిరోజే, కొత్తగా చేరిన ఒకావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. "విరిగింది మేడమ్. మొన కోసం నేలంతా వెతికి పట్టుకున్నాను, చూడండి" అని ముక్కలు ఆమె అరచేతిలో పోసింది. ఆమె వాటివంక చూస్తూ ఉండిపోయింది. ఎవరో ఊరూ పేరూ తెలియని పిల్లలకి సూది గుచ్చుకోకూడదని పెద్ద మేనేజరుతో పోట్లాడింది తను. ఈవిడకి తనంటే భయం లేదు. తన కడుపున పుట్టిన పిల్లకి, చెయ్యి కుళ్ళిపోతున్నా, తన దగ్గరికి రావడానికి ధైర్యం చాల్లేదు.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదమ్మా. కొత్త సూది తీసుకో" అని బాత్రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

కట్లు విప్పాక ఎడమచేతి నాలుగు వేళ్ళూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి. రోజూ పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఒక్కో వేలూ పట్టుకుని నిదానంగా వెనక్కి లాగాలి, నొప్పెట్టినా ఒక్కపూట కూడా మానకూడదు అన్నారు. ఏడాది పట్టొచ్చు, అప్పటికీ పూర్తిగా చాపుతుందని చెప్పలేమన్నారు.

ఆ పని తల్లే చేసేది. గిన్నెతో నీళ్ళు పెట్టుకుని మంచం పక్కన కూర్చునేది. ఇప్పుడామె ఎడతెరిపి లేకుండా మాట్లాడేది. పక్కింటి కుక్క సంగతీ, బస్సులో తగువులూ, ఏది తోస్తే అది. పిల్ల బుద్ధిగా ఊ కొట్టేది. అమ్మ ఎక్కడైనా ఒక్క క్షణం ఆగితే తలెత్తి ముఖంలోకి చూసేది.

ఒక ఆదివారం సాయంత్రం చిటికెనవేలు లాగుతుంటే పిల్ల పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి జారనివ్వలేదు.

"నొప్పెడితే ఏడవచ్చమ్మా. నేనేమీ అనుకోను" అంది తల్లి.

పిల్ల తల అడ్డంగా ఊపింది. కాసేపటికి చాలా మెల్లగా అడిగింది. "అమ్మా, ఇది ఇంకా ఎన్నాళ్ళు?"

"చెయ్యి బాగయ్యేదాకా నాన్నా."

"ఇస్త్రీ పెట్టె ఇంకెప్పుడూ ముట్టుకోను కదా. ఒట్టు. ఇంక చాలదా?"

ఆమె చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. తాను లాగుతున్నది ఎందుకని పిల్ల అనుకుంటోందో అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలుగా పొద్దునా సాయంత్రం పిల్ల తన శిక్ష అనుభవిస్తోంది, నోరెత్తకుండా.

"ఇది శిక్ష కాదు తల్లీ. నువ్వేం తప్పు చెయ్యలేదు. వేళ్ళు తిన్నగా రావాలని చేస్తున్నాను, అంతే."

"సరే అమ్మా" అంది పిల్ల వెంటనే. అమ్మ ఏమన్నా అంత వెంటనే సరే అనడం తనకి అలవాటే. నమ్మిందో లేదో ఆ ముఖంలో ఏమీ కనిపించలేదు.

మానేస్తే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయి. తల్లి నీళ్ళు చల్లారకముందే ఉంగరం వేలు పట్టుకుని మళ్ళీ లాగడం మొదలుపెట్టింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది.