ప్యాకప్ కాదు మొర్రో!

నేను ఒక ఇంటి కంప్యూటర్‌ని. నిన్న పొద్దున ఒక్క అక్షరం తేడాతో నా ప్రాణం మీదికొచ్చింది. వంటింట్లోంచి హైమ అరిచింది: "నాన్నా, కంప్యూటర్ టకటకమంటోంది. ఇవాళే బ్యాకప్ చేసెయ్యాలి!" మిక్సీ రొదలో వాళ్ల నాన్న వరహాలు దాసు గారికి వినబడింది మాత్రం "ప్యాకప్ చేసెయ్యాలి" అని. నేను సరిగ్గానే విన్నాను. ఏం లాభం? స్పీకర్లున్నా స్పీకలేను కదా!

విజయనగరంలో ఒక చిన్న దుకాణంలో నన్ను బిగించారు. మదర్‌బోర్డు ఉంది కాబట్టి తల్లి ఉన్నట్టే, తండ్రి సంగతి ఎవరూ చెప్పలేదు. మొదట శుభలేఖలు అచ్చువేసే చోట పనిచేశాను. అక్కడ వారానికోసారి దుమ్ము ఊదేవారు, సాయంత్రం పద్ధతిగా షట్‌డౌన్ చేసేవారు. ఆ తర్వాత హరికథలు చెప్పే దాసు గారింటికి వచ్చాను.

ప్రేమకు లోటు లేదు. ఆయన భార్య నూకరత్నం గారు నాకు కుట్టుపూల గుడ్డ కప్పారు, ఆయుధపూజకు గాలి రంధ్రాల్లోకి పోయేలా పసుపు రాశారు. విండోలు ఎన్ని తెరిచినా నాకు గాలాడదు. దుమ్ము చేరి దమ్ము పోయింది. అప్‌డేట్ అని అడిగితే అప్పు అడిగినట్టు మొహం తిప్పుకుంటారు. ఆపాలంటే నేరుగా గోడ స్విచ్చే!

నా బెంగ నా గురించి కాదు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక దాసు గారికి గుసగుసే మిగిలింది. ఆయన పాడిన హరికథలన్నీ నా ఒక్క డిస్కులోనే ఉన్నాయి. అదేమో ముసలి మోకాలిలా టకటకమంటోంది. ఇది పోతే ఆ గొంతు మళ్లీ పోతుంది.

ప్యాకప్ అంటే మూట కట్టడమేననుకుని దాసు గారు నా తీగ లాగేశారు. నా కళ్లకు చీకట్లు కమ్మాయి. అట్టపెట్టె తెచ్చి, నన్ను దుప్పటిలో చుట్టి, వాకిట్లో పెట్టారు. ఎదురింటి అప్పలనర్సమ్మ చూసింది.

"ఏటి రత్నమ్మా, ఇల్లు కాళీ సేసెత్తన్నారేటి? ఒక్క ముక్క సెప్పనేదు!"

"ఖాళీయా? ఎవరన్నారు?" అంటూ నూకరత్నం గారు బయటికి వచ్చారు. ఆ మాట అందుకుని పై వాటా నుంచి ఇంటి యజమాని పరుగున దిగాడు. "దాసు గారూ, నేనేమన్నా తప్పు చేశానా? చెప్పాపెట్టకుండా పోతారా?"

మిక్సీ ఆపి వచ్చిన హైమ నన్ను చూసి తల పట్టుకుంది. "అయ్యో నాన్నా! తీగ ఊడబీకావా?"

నన్ను లోపలికి మోసి, దుప్పటి విప్పి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, తీగ తగిలించి, మీట నొక్కింది. టక్... టక్... వెంట వచ్చి చుట్టూ చేరినవాళ్లెవరూ ఊపిరి తీయలేదు. నాకైతే తీయడానికి ఊపిరే లేదు. తెర వెలిగింది. హైమ ఇంకో డిస్కు తగిలించింది. పచ్చగీత నత్తలా పాకుతుంటే దాసు గారు కుర్చీ అంచున కూర్చున్నారు. గీత చివరికి చేరింది. హైమ కొత్త డిస్కులోంచి ఒక కథ తెరిచింది. "శ్రీమద్రమారమణ..." అని ఖంగున మోగింది ఆయన గొంతు.

"ఇంతకీ పోతన్నారా, ఉంతన్నారా?" అంది అప్పలనర్సమ్మ.

"ఉంటున్నాం పిన్నీ! నేనన్నది బ్యాకప్, నాన్నకు వినబడింది ప్యాకప్. ప్యాకప్ అంటే కథ అయిపోయిందని. బ్యాకప్ అంటే కథ ఇంకోచోట కూడా ఉందని."