మనం ఓడిన మధ్యాహ్నం

డయాలిసిస్ గదిలో ఆరు మంచాలు. మూడోది బస్సు డ్రైవరుది. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎడమచేతికి రెండు సూదులు గుచ్చితే ఐదింటిదాకా ఆ చెయ్యి కదపడానికి లేదు. ఒక గొట్టంలోంచి రక్తం మిషన్లోకి వెళ్తుంది, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. పద్దెనిమిదేళ్ళు ఊరంతా బస్సు తిప్పిన మనిషి అతను. జబ్బు బయటపడ్డాక డిపోలో కండక్టర్లకు టికెట్ మిషన్లు అందించే కౌంటర్లో కూర్చోబెట్టారు. అక్కడ కుర్చీ, ఇక్కడ మంచం.

ఆ రోజు దేశం జట్టు ఫుట్‌బాల్ సెమీఫైనల్ ఆడుతోంది. టీవీ సౌండు పెంచకూడదని రూలు ఉన్నా నర్సు ఆ పూటకు చూసీ చూడనట్టు ఊరుకుంది. అంతకుముందు క్వార్టర్ ఫైనల్ గెలిచిన రోజునైతే మనిషికో ఐసుముక్క అదనంగా ఇచ్చింది. గుక్కెడు నీళ్ళు కూడా కొలుచుకుని తాగే ఆ గదిలో అంతకు మించిన విందు ఉండదు.

పక్క మంచం మీద రిటైరైన జాగ్రఫీ మాస్టారు. ఆయన మొదటి నిమిషం నుంచీ ఆటగాళ్ళను తన పాత విద్యార్థుల్లాగే తిడుతున్నాడు.

"ఎడమవైపు అంత ఖాళీ ఉందిరా మొద్దూ! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?"

"మనం మంచం దిగి బాత్రూముకి వెళ్ళలేం గానీ మాస్టారూ, పదకొండు మందినీ పరిగెత్తిస్తున్నాం" అన్నాడు డ్రైవరు. గదంతా నవ్వింది.

అతను మాత్రం పైకే నవ్వాడు. వారం కిందట డాక్టరు, ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇవ్వగలరా అని అడిగాడు. ఆ మాట పూర్తికాకుండానే పక్కనున్న చెల్లెలు "నేనిస్తాను" అనేసింది. తల్లి పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. జడలు వేసిందీ, స్కూలు గేటు దాకా దింపిందీ, పెళ్ళి చేసిందీ అన్నయ్యే. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. పోస్టాఫీసులో పార్సిళ్ళు ఎత్తి దింపే ఉద్యోగం. తీసుకుంటే రేపు దానికేమైనా అయితే? వద్దంటే అది ఊరుకోదు. వీటన్నిటికంటే అతన్ని లోపల తినేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. చెల్లెలు ఆ మాట అన్న క్షణంలో తన ప్రాణం లేచొచ్చింది. అందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

వారం రోజులుగా చెల్లెలి ఫోను ఎత్తితే ఏదో ఒకటి మాట్లాడి పెట్టేస్తున్నాడు. ఎటూ తేల్చుకోలేక ఆ పొద్దున మొహం కడుక్కుంటూ అనుకున్నాడు: ఇవాళ మనవాళ్ళు గెలిస్తే సరేనంటాను, ఓడితే వద్దంటాను. ఆ భారం ఎవరిమీదో పడేశాక వారంలో మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

చెరో గోలూ అయింది. అదనపు సమయమూ అయిపోయింది. చివరికి ఆట పెనాల్టీల పాలైంది. మనవైపు ఆఖరి బంతి కెప్టెన్ది, అది పడకపోతే ఓటమే. అతను పరిగెత్తుకొచ్చి కొట్టాడు. బంతి గోల్ పోస్టుకు తగిలి పక్కకు పోయింది.

టీవీలో అవతలి జట్టు గంతులేస్తోంది. కింద వీధిలో ఎవరో రేకు షట్టరును దబదబా బాదుతున్నారు.

"తీసేయండి సిస్టర్" అన్నాడు డ్రైవరు.

"ఏం తీయాలి?"

"సూదులు. నేను వెళ్ళిపోవాలి."

"ఇంకా నలభై నిమిషాలుందండీ."

అతను మోచెయ్యి మడిచి లేవబోయాడు. మిషను మీద ఎర్రలైటు వెలిగి కూత పెట్టింది. నర్సు ఒక్క అంగలో వచ్చి అతని మణికట్టును మంచానికి అదిమిపట్టింది.

"సూది ఊడిందంటే రక్తం గదంతా అవుతుంది! బస్సు పోతుండగా డ్రైవరు దిగిపోతాడా ఎక్కడైనా?"

అతను ఆగిపోయాడు. చెయ్యి నెమ్మదిగా చాపాడు. ఆ తర్వాత ఏడుపు తన్నుకొచ్చింది. గోడవైపు తిరుగుదామంటే గొట్టాలు తిరగనివ్వలేదు. ఖాళీగా ఉన్న ఒక్క చెయ్యీ మొహం మొత్తం కప్పడానికి చాలలేదు. నలభై ఆరేళ్ళ మనిషి, ఐదుగురు రోగుల ముందు వెల్లకిలా పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నర్సుకు ఏం చేయాలో తోచలేదు. బీపీ చూసి, కూత ఆపి, నెమ్మదిగా అంది: "ఆటే కదండీ. వాళ్ళు ఆడారు, వాళ్ళు ఓడారు. దానికి మీరింతగా..."

"వాళ్ళు కాదమ్మా" అన్నాడు మాస్టారు. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. "ఈ గదిలోకి వచ్చాక నా షుగరు, నా రిపోర్టు, నా మంచం, అంతే. 'మనం' అని నోరారా అనుకోవడానికి మాకున్నది ఆ పదకొండు మందే. గెలిస్తే మనం గెలిచాం. మరి ఓడినప్పుడు వాళ్ళు ఓడారని ఎలా తప్పుకుంటాం?"

నర్సు సూదుల మీది ప్లాస్టరు సరిచూసింది. ఆరో మంచం పిలిస్తే అటు వెళ్ళింది.

అప్పుడు డ్రైవరు, మాస్టారికి మాత్రం వినబడేలా, పొద్దున మనసులో వేసుకున్న పందెం సంగతి చెప్పాడు.

"పిచ్చివాడా, మనవాళ్ళు సెమీఫైనల్ ఏనాడు గెలిచారు గనక?" మాస్టారు తల పట్టుకున్నాడు. "అంటే చెల్లెలికి వద్దని చెప్పడానికే ఈ వంక పెట్టుకున్నావా?"

"నేనూ అలాగే అనుకున్నా మాస్టారూ. బంతి పోస్టుకి తగిలినప్పుడు తెలిసింది. గెలవాలని ఎంత ఆశపడ్డానో."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

డ్రైవరు మిషను వైపు చూశాడు. మిషను మీద ఇంకా ఇరవై మూడు నిమిషాలు ఉన్నాయి.

ఐదింటికి చెల్లెలు వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చూశావా అన్నయ్యా? ఆ కెప్టెన్ని ఎవడు కొట్టమన్నాడసలు? మా పార్సిల్ హాల్లో పని ఆపేసి అందరూ ఏడుపే" అంటూ అతని చెప్పులు మంచం దగ్గరికి జరిపింది. వంగినప్పుడు ఆమె మోచేతి మడతలో దూదీ ప్లాస్టరూ కనిపించాయి.

"అదేంటి?"

"పొద్దున్నే వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళా. గ్రూపు కలిసిందట. మిగతా పరీక్షలు సోమవారం."

"నన్నడక్కుండానా?"

"నిన్నడిగితే తేలేదేనా? వారంనుంచీ ఫోన్లో కూరల ధరలు మాట్లాడుతున్నావు."

వద్దనాలి. పొద్దున అనుకున్న మాట ప్రకారం ఇప్పుడే, ఇక్కడే అనాలి. నోరు తెరిచాడు. వద్దనలేకపోయాడు. సరే అనడానికీ నోరు రాలేదు. పక్క మంచం మీంచి మాస్టారు కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"సోమవారం నాకూ ఇక్కడే కదా" అన్నాడు చివరికి.

"అయితే కలిసే వద్దాం."

ఆస్పత్రి మెట్ల మీద జట్టు రంగు చొక్కాలు వేసుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూలబడి ఉన్నారు. వాళ్ళను దాటుకుంటూ ఇద్దరూ బస్టాపుకి నడిచి వచ్చిన బస్సెక్కారు. రెండు స్టాపులు పోయాక జనం రోడ్డు మీదే కూర్చోవడంతో బస్సు ఆగిపోయింది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదేమో, చెల్లెలు అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కిటికీ పక్కన ఇరుక్కుపోయి కూర్చున్నాడు. భుజం తిమ్మిరెక్కింది. కదిలితే అది లేస్తుంది, లేస్తే సోమవారం గురించి అడుగుతుంది. బస్సు కదిలేదాకా అతను కదలలేదు.