రామస్వామి పేరున

రోగి ఒంటి ముక్కను పొదిగిన మైనపు దిమ్మను మంచుగడ్డ మీంచి తీసి మిషనుకు బిగించి, రాజనర్సయ్య పిడి తిప్పడం మొదలుపెట్టాడు. కత్తి అంచు నుంచి వెంట్రుక కంటే పలచని పొర జారి వచ్చింది. దాన్ని కుంచె మొనతో అందుకుని గోరువెచ్చని నీళ్లలో వదిలాడు. ముడతలు విప్పుకునేదాకా ఆగి గాజుపలక మీదికి ఎక్కించాడు. పంజగుట్టలోని ఆ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా అతనిది ఇదే పని. ఊడ్వడానికి చేరి, చూసి చూసి నేర్చుకున్నాడు. వేళ్ల గోళ్లు రంగుమందులకు ఊదాగా మారి మళ్లీ మామూలు కాలేదు. వంగి వంగి నడుం ఎడమపక్కకి ఒరిగిపోయింది.

పొద్దున యూసుఫ్‌గూడ గది నుంచి అమీర్‌పేట మీదుగా నడిచే వచ్చాడు. అక్కడ కంప్యూటర్ కోర్సుల కాగితాలు పంచేవాళ్లు దారినపోయే అందరి చేతుల్లోనూ కాగితం కుక్కుతారు. ఇతన్ని చూస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటారు. రెండు నెలలుగా మూత్రం కోసం దారిలో రెండుచోట్ల ఆగాల్సి వస్తోంది. పది రోజుల కిందట సూదితో ప్రొస్టేట్ గ్రంథి ముక్కలు తీశారు. మామూలు వాపేనట, రేపు బేగంపేట ఆసుపత్రిలో మూత్రం దారి సాఫు చేస్తారట, గంట పనట. కొడుకు రాఘవేందర్ అలా చెప్పాడు. రాఘవేందర్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు చేసిన తప్పులు వెతికిపెట్టడం వాడి ఉద్యోగం.

ల్యాబు డాక్టరు జానకీదేవి గారు ప్రొస్టేట్ క్యాన్సర్ మీద పరిశోధన చేస్తున్నారు. వృషణాల్లో పుట్టే మగ హార్మోను రక్తంలో వచ్చి కణం లోపల ఒక గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ గ్రాహకం కణం నడిబొడ్డుకు పోయి, పెరగమని ఆజ్ఞ ఇస్తుంది. గ్రాహకం ఉన్నచోట గోధుమరంగు తేలేలా పలకలకు రంగు వెయ్యాలి. ఇదంతా ఆవిడే ఒక మధ్యాహ్నం టీ తాగుతూ అతనికి చెప్పారు. ఆ రోజు ట్రేలో ఆసుపత్రుల నుంచి వచ్చిన అలాంటి రోగుల దిమ్మలు తొమ్మిదున్నాయి. ఆరోదానికి కట్టిన కాగితం అలవాటుగా చదివాడు.

పేరు జె. రామస్వామి. వయసు యాభై ఆరు. వ్యాధి ఎముకలకు పాకింది. చికిత్స, రెండు వృషణాల తొలగింపు. ఎప్పుడు, రేపు. ఎక్కడ, బేగంపేటలో. మూలన ఎర్రముద్ర: సిబ్బంది, ఉచితం.

ఆ ల్యాబులో సిబ్బంది ఆరుగురు. నలుగురు ఆడవాళ్లు. కౌంటరులో కూర్చునే తారక్‌కు కిందటేడే పెళ్లయింది. ఇంక మిగిలింది ఎవరు?

ఏం తెలివి! పేరు మార్చారు, మనిషికి కొత్త ఇంటిపేరు కూడా పుట్టించారు. ఉచితం ముద్ర వదులుకోవడానికి మాత్రం చేతులు రాలేదు. మనవాళ్ల అబద్ధాలన్నీ ఇంతే. ప్రాణం మీదికొచ్చినా రాయితీ దగ్గర దొరికిపోతారు. రోగికి చెప్పకూడదన్న శాస్త్రం ఎవడు రాశాడో గానీ, రోగి తప్ప వీధి వీధంతా దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది.

రాజనర్సయ్య దిమ్మను బిగించాడు. ముక్క చెడితే ఆ మనిషి ఒంట్లో మళ్లీ సూది గుచ్చాలని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది అతనే. పిడి ఎప్పటిలాగే తిప్పాడు. పొర చిరగకుండా వచ్చింది. మూడింటికల్లా రంగు పట్టింది. మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూస్తే అంతటా గోధుమరంగే. తన ఒంట్లో కోటానుకోట్ల కణాలకు కబురు అందింది. తనకే అందలేదు.

పలక తీసుకుని జానకీదేవి గారి గదిలోకి పోయి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"రామస్వామి ఎవలు మేడం?"

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ అబ్బాయి వచ్చి ఏడ్చాడు నర్సయ్య గారూ. తెలిస్తే మీరు తట్టుకోలేరన్నాడు."

తన భార్య వజ్రమ్మకు తెలుసా అని అడిగాడు. ఆవిడ తలూపారు. వారం రోజులుగా వజ్రమ్మ అడక్కుండానే పచ్చిపులుసు చేసి పెడుతోంది. ఈ వయసులో ఎంత ప్రేమ అనుకుని మురిసిపోయాడు. అది గుర్తొచ్చి అతని ముఖం ఎర్రబడింది.

"రేపు నన్ను పండవెట్టి కోసినంక, లేషి సూసుకుంటె నాకు తెల్వదా మేడం?"

ఇలాంటిదానికి ఏం చెప్పాలో ఎమ్‌డీ చదువులో నేర్పరు. ఇంకో దారి ఉందా అని అతను అడిగాడు. నెలనెలా ఇంజెక్షన్లు ఉన్నాయని, ఏది చేసినా హార్మోను ఆగుతుందని, కణాలు కొన్నాళ్లు అణిగి ఉంటాయని చెప్పారు. ఆ తర్వాత? ఆజ్ఞ లేకుండానే పెరగడం నేర్చుకుంటాయన్నారు. రెండేళ్లు, అదృష్టం ఉంటే మూడు. ఈసారి ఏదీ దాచలేదు.

అతను నిలబడే అంతా విన్నాడు.

"కోయించుకుంట. గని సంతకం నేను వెడ్త."

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా బేగంపేట ఆసుపత్రికి పోయాడు. అబ్బాయిగారు పెట్టేశారు, మీకెందుకండీ అంది కౌంటరులో అమ్మాయి. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం ఇచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. రాఘవేందర్ సంతకాన్ని అడ్డంగా కొట్టేసి కింద తన పూర్తి పేరు పెట్టాడు. ఇంటికి పోయి వజ్రమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమెకు తెలిసిన సంగతే తన నోటితో మళ్లీ చెప్పాడు. కొడుకుతో ఆరు నెలలు మాట్లాడలేదు.

ఆపరేషన్ అయ్యాక పదహారు నెలలు పనిచేశాడు. ఇరవయ్యో నెలలో ఒక మధ్యాహ్నం, వజ్రమ్మ మంచినీళ్లు తెచ్చేలోగా పోయాడు.

పరిశోధన ముగిసి జానకీదేవి గారు పలకలు సర్దుతుంటే ఆరోది చేతికొచ్చింది. పేరు రాసే గరుకు అంచు మీద జె. రామస్వామి అన్నది కొట్టేసి ఉంది. దాని కింద పెన్సిలుతో, వంకర అక్షరాల్లో, ఏ రంగుమందుకూ చెరగకుండా: రాజనర్సయ్య.