పేతురు ముఖం మీది వెలుగు

చెరసాలలో దేవదూత పక్కనే నిలబడి ఉంటే పేతురు ముఖం ఎందుకంత చీకటిగా ఉంది? పదకొండేళ్లుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. నేపుల్స్‌లో మా వడ్రంగుల సంఘం గుడిలో దేవదూత వచ్చి క్రీస్తు శిష్యుడు పేతురును చెర విడిపించే ఆ నూనెరంగుల పటాన్ని గోడకెక్కించింది నేనే. అందుకే పైకి అడగడానికి నోరు రాలేదు.

దాన్ని గీసిన ఫాబ్రిజియో, పటం ఎక్కించడానికి వారం ముందే జ్వరంతో పోయాడు. ఈ వసంతంలో సంఘం పెద్ద తిబేరియో, ఇంకో చిత్రకారుడితో పేతురు ముఖానికి తెల్లరంగు వేయిస్తానన్నాడు.

"అది పేతురో బొగ్గులమ్మేవాడో తెలియడం లేదు, అనియెల్లో."

"ఆదివారం దాకా ఆగన్నా."

"ఆగితే తెల్లబడతాడా?"

ఒకసారి రంగు పూస్తే పాత ముఖం తిరిగి రాదు. నేను ఫాబ్రిజియో భార్య పోర్జియా దగ్గరికి వెళ్లాను. ఆమె చిక్కుళ్లు వలుస్తూ విన్నది.

"పటానికి కిటికీ ఏ పక్కనుంది మేస్త్రీ?"

"కుడిపక్క."

"మా ఆయన మూడు పొద్దులు మీ గుడిలో కూర్చుని చూశాడు. ఎడమనుంచి కిటికీ వెలుగొచ్చి పడితేనే ఆ ముఖం తెలిసేలా గీశాడు; కుడినుంచి పడితే రంగు మెరిసి ముఖం నల్లగా కనిపిస్తుంది. మీరు ఎదురుగోడకు కొట్టి, ఆయన్ని ఆడిపోసుకుంటున్నారు."

సంఘం పెద్దలు తాము కూర్చునే బల్లలకు ఎదురుగా ఉండాలన్నారని నేనలా ఎక్కించాను.

"మీ గుడికి పనిచేసి పోయినవాళ్లకు ఏటా ఒక కొవ్వొత్తి వెలిగిస్తారటగా. ఆయనకు ఒక్కటీ లేదు. పని చెడగొట్టాడనేగా?"

ఆదివారం పూజకు ముందే సంఘంలోని ఇద్దరు సోదరులతో పటం దించి, కిటికీ ఎడమకు వచ్చేలా అవతలి గోడకు ఎక్కించాను. తిబేరియో వచ్చాడు.

"ఎవర్నడిగి ముట్టుకున్నావు?"

"తప్పుచోట ఎక్కించిందీ నేనే, సరిచేసిందీ నేనే. కాసేపు కూర్చో అన్నా. పొద్దెక్కనీ."

ఎండ కిటికీలోంచి దిగి, నేల దాటి, గోడ పాకి పటం అంచుకు చేరింది. రంగుల మీది గుడ్డి మెరుపు పోయింది. పేతురు చెంప, మూసిన రెప్ప, సడలిన సంకెల ఒక్కొక్కటే తెలిశాయి. అది దూత వెలుగా, కిటికీ వెలుగా? నాకు తెలియదు. రెండింటినీ పంపేవాడు ఒకడేనని మాత్రం నమ్ముతాను.

తిబేరియో టోపీ తీశాడు. "ఆ రంగులవాణ్ణి రావద్దని చెప్పు," అన్నాడు.

పూజ అయ్యాక పోర్జియాను పిలిపించి, వెలిగించిన పుల్ల ఆమె చేతికిచ్చాను. గడచిన ప్రతి ఏటికీ ఒక్కో కొవ్వొత్తి చొప్పున, అన్నీ ఆమే వెలిగించింది.