మంగళవారం రాజకీయాలు

తెనాలిలో ఏ టీకొట్టుకెళ్ళినా, ఏ సెలూన్‌కెళ్ళినా గోడ మీద ఒక బోర్డు కనిపిస్తుంది. ‘ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు.’ మామూలుగా అది గొడవలకి భయపడి పెట్టే బోర్డు. మాటామాటా పెరిగి గ్లాసులు పగులుతాయని, అలిగినవాడు పక్క కొట్టుకి పోతాడని. స్టేషన్ రోడ్డు సందులో ఉన్న మస్తాన్‌రావు సెలూన్‌లో మాత్రం దానికి కారణం వేరు. ఆ కొట్లో ఎవరైనా రాజకీయాలు మాట్లాడితే, కుర్చీలో కూర్చున్నవాడి జుట్టు పెరుగుతుంది.

ఎప్పటినుంచి అలా అంటే ఎవరూ చెప్పలేరు. అడిగినవాళ్ళూ లేరు. సూర్యలంక వైపు సముద్రపు గాలికి ఇనుము తుప్పుపడుతుంది, ఇక్కడ రాజకీయాలకి జుట్టు పెరుగుతుంది. అంతే.

మస్తాన్‌రావు గోలంతా పని తెమలదనే. ఒక చెవి పక్క కత్తిరించి రెండో చెవి వైపు తిరిగేసరికి ఎవరో పెట్రోలు రేటు ఎత్తుతారు. అయిపోయిన చెవి మీదకి జుట్టు మళ్ళీ వచ్చేస్తుంది. ఢిల్లీలో ఎవరు ఎవరితో కలిశారు, ఎవరిని ఎవరు ముంచారు అని మొదలైతే మెడ దిగుతుంది. కిందటి ఎన్నికలప్పుడు కొల్లూరు నుంచి ఒక పెళ్ళికొడుకు ముహూర్తానికి ముందు నీటుగా తయారవుదామని వచ్చాడు. వెంట వచ్చిన స్నేహితులు దేశాన్ని ఏలడానికి ఎవడు తగినవాడని వాదించుకున్నారు. ఆ అబ్బాయి మండపంలో అడుగుపెడితే ఆడపెళ్ళివారు, ‘కాశీయాత్ర నిజంగానే చేసొచ్చాడా ఏంటి?’ అని విస్తుపోయారట.

ఇన్నేళ్ళలో మస్తాన్‌రావు ఒక్క సంగతి మాత్రం గమనించాడు. మెడలో కండువా వేసుకొచ్చి, తమ నాయకుడు దేవుడని పొగిడేవాళ్ళ మాటలకి వెంట్రుక కదలదు. కడుపు మండి మాట్లాడితేనే పెరుగుతుంది. ఏం లాభం? ఈ రోజుల్లో కడుపు మండనివాడు ఎవడు?

మస్తాన్‌రావు మాత్రం ఆ కొట్లో రాజకీయం ముక్క మాట్లాడి ఎరగడు. కత్తి చేతికిచ్చిన రోజున వాళ్ళ నాన్న ఒకే మాట చెప్పాడు. ‘గొంతు మీద కత్తి పెట్టేవాడికి పార్టీ ఉండకూడదురా.’ ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. అటువైపువాడు ఏమన్నా ‘అంతేనండి’ అన్నాడు. ఇటువైపువాడు ఏమన్నా ‘అంతేనండి’ అన్నాడు. ఆ ‘అంతేనండి’లన్నీ ఎక్కడికి పోయేవో తెలియదుగానీ, రాత్రి భోజనం మాత్రం సరిగ్గా అరిగేది కాదు.

అందరినీ మించిన పీడ అంద్రెయ మాస్టారు. రిటైరైన సోషల్ టీచరు. ఆదివారం చర్చిలో తప్ప మరెక్కడా మౌనంగా కూర్చున్న మనిషి కాదు. ఆరో తరగతిలో మస్తాన్‌రావుకి పాఠం చెప్పాడు కాబట్టి నోరు మూసుకోండి అనే వీలు లేదు. కటింగ్ కోసం నెలకోసారి వస్తాడు, పేపరు కోసం రోజూ వస్తాడు.

“ఏరా మస్తానూ, చూశావా ఈ ఘోరం?”

“మాస్టారూ, బోర్డు చూడండి.”

“చూశాన్రా. మాట్లాడరాదన్నావు. చదవరాదు అన్లేదుగా?”

చదివేవాడు చదివి ఊరుకుంటాడా? ప్రతి వార్తకీ తోకలా ఒక వ్యాఖ్యానం. లోపలి పేజీకి వచ్చేసరికి కుర్చీలో ఉన్నవాడు కళ్ళ మీద పడ్డ జుట్టు తప్పించుకుంటూ, “బాబాయ్, నా పని అయిందనుకున్నానే!” అని లబోదిబోమనేవాడు.

ఈ చిరాకులన్నీ ఒకెత్తు, ఇల్లు ఒకెత్తు.

మస్తాన్‌రావు కూతురు స్నేహ బాపట్లలో ఒక బళ్ళో ఒకటో తరగతికి టీచరు. పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. నడుము దాటిన జడ ఆ పిల్లది. ప్రేయరుకి వెళ్ళేటప్పుడు పిల్లలు ఆ జడ కొస పట్టుకుని, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలుబండిలా నడిచేవాళ్ళు. కొస పట్టుకునే వంతు ఎవరిదని రోజూ తగువే. కిందటేడు ఆమెకి క్యాన్సరన్నారు. మందులు ఎక్కించారు, గండం గడిచింది. రోగం పోయింది. పోతూ పోతూ జుట్టు పట్టుకుపోయింది.

జుట్టు వస్తుంది, నిదానంగా వస్తుంది, ఓపిక పట్టమన్నాడు డాక్టరు. వేలికి తగిలీ తగలని నూగు దగ్గరే ఆగింది. గురువారం బళ్ళు తెరుస్తారు. ఆ రోజుకి రాకపోతే వేరే టీచరును చూసుకోక తప్పదని హెడ్‌మిస్ట్రెస్ ఫోన్లో మర్యాదగానే చెప్పింది. స్నేహ వెళ్ళనంది.

“పిల్లలు భయపడతారు నాన్నా,” అంది. వాళ్ళమ్మ తిరుపతమ్మ గుంటూరు వెళ్ళి విగ్గు తెచ్చింది. ఒక్కసారి పెట్టుకుని, “ఎవరి జుట్టో అమ్మా ఇది, వాళ్ళు వెతుక్కుంటుంటారు,” అని తీసి పక్కన పెట్టేసింది. అప్పట్నుంచి గది దాటి రావడం మానేసింది. ఎదురింటివాళ్ళు పలకరించినా కిటికీ రెక్క దగ్గరగా వేసేది.

మస్తాన్‌రావుకి గుండె కోసేసినట్టుండేది. రోజూ గోనెసంచిలో పట్టనంత జుట్టు చిమ్మి పారబోసే మనిషి. సొంత కూతురి తల మీద గుప్పెడు లేదు. సాయంత్రం కొట్టు మూశాక చొక్కా దులుపుకుని, గుమ్మం బయట మళ్ళీ దులుపుకుని, అప్పుడు లోపలికెళ్ళేవాడు. పరాయివాడి వెంట్రుక ఒక్కటి కూడా ఆ పిల్ల కంట పడకూడదని.

సోమవారం సాయంత్రం అతను విసుక్కుంటూ ఇంటికొచ్చాడు. “ఒకే మనిషికి మూడుసార్లు కటింగ్ చేశానే! ఆ మాస్టారు నోరు మూస్తేనా!”

తిరుపతమ్మ కంచం ఠపీమని పెట్టింది. “ఆయన నోరు తెరిస్తే ఊళ్ళో మగాళ్ళందరికీ జడలు దిగుతున్నాయి. మన ఇంట్లో మాత్రం...” అని ఆగిపోయింది.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఇద్దరికీ ఆ సంగతి తట్టనే లేదు. తట్టకపోవడంలో వింతేముంది? దోమల వల్ల ఏం ఉపయోగమని ఎవరైనా ఆలోచిస్తారా? పైగా అది మగాళ్ళ సెలూను. ఆ ఇంటి ఆడవాళ్ళు కేరేజీ ఇవ్వడానికి వచ్చినా గడప అవతలే నిలబడేవాళ్ళు.

“సెలూన్‌కా? నేనా?” అంది స్నేహ.

“రేపు మంగళవారం తల్లీ. ఎవరూ ఉండరు,” అన్నాడు మస్తాన్‌రావు.

మంగళవారం సెలూన్లకి సెలవు. ఆ రోజు కత్తెర ముట్టుకోవడం కూడా వాళ్ళ నాన్న కాలం నుంచీ లేదు. పొద్దున్నే షట్టరు సగం ఎత్తి ముగ్గురూ లోపలికెళ్ళారు. స్నేహ కుర్చీలో కూర్చుని, అద్దంలోకి చూడకుండా చున్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అంద్రెయ మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో పేపర్ల కట్టతో వచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆయన్ని మాట్లాడమని ఒకరు అడిగారు. తిరుపతమ్మ మంచినీళ్ళు కూడా ఇచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. రాజ్యాంగంతో మొదలుపెట్టాడు. పార్లమెంటులో సభలు రెండు, ఎగువసభ, దిగువసభ. ప్రధానమంత్రి విధులు. రోజూ బల్ల గుద్ది తిట్టే మనిషి, ఆడపిల్ల ముందు అచ్చంగా పాఠం చెప్పుకుపోయాడు. వెంట్రుక కదల్లేదు.

“ఎలా ఉందమ్మా?”

“నిద్రొస్తోందండి మాస్టారూ.”

మాస్టారు పేపరు మడిచాడు. కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. మొదటి పేజీ తిరగేశాడు, రెండో పేజీ తిరగేశాడు. చివరికి కళ్ళద్దాలు తీసి బెంచీ మీద కూలబడ్డాడు. “నా వల్ల కాదురా మస్తానూ. పేపరు చూస్తే రోజూ మండేది. ఇవాళ ఈ పిల్లని చూస్తుంటే మంట రావట్లేదు, ఏడుపొస్తోంది.”

“పర్లేదండి మాస్టారూ,” అంది స్నేహ. “పోదాం పద నాన్నా.” ఒళ్ళోని చున్నీ తీసి తలకి చుట్టుకుని, అలవాటుగా ఒక్క చేత్తో ముడి వేసుకుంది. అంత అలవాటైపోయిన ఆ ముడిని మస్తాన్‌రావు అద్దంలో చూశాడు.

“కూర్చో,” అన్నాడు.

ఆ గొంతు ఎవరూ ఎరగరు.

“పేపర్లో చదివి మండిపోతారేంటి మాస్టారూ! నన్నడగండి! కిందటి వేసవిలో దీన్ని ఆసుపత్రి నుంచి ఆటోలో తీసుకొస్తున్నా. మందు ఎక్కించి పంపారు. నా ఒళ్ళో పడుకుని వాంతులు. రోడ్డు ఆపేశారు. ఏంటండీ అంటే, ఢిల్లీ నుంచి పెద్దాయన వస్తున్నారన్నారు. మిట్టమధ్యాహ్నం! ఆటో కప్పు కాలిపోతోంది. ఆ పోలీసాయన కాళ్ళు పట్టుకున్నా. ‘ఆయన మనకోసమే వస్తున్నారు, ఓపిక పట్టు’ అన్నాడు. మనకోసమే వచ్చేవాడైతే మనల్ని ఆపడమేంటి?”

చున్నీ కింద ఏదో మెత్తగా కదిలినట్టయి స్నేహ ముడి విప్పింది. తల నల్లబడింది.

“వచ్చాడు. ముందు కార్లు, వెనక కార్లు. అద్దం దించి నాకు దణ్ణం పెట్టాడు మాస్టారూ! దారి ఇవ్వరా నాయనా అంటే దణ్ణం పెట్టాడు! నేనూ పెట్టాను! ఒళ్ళో ఇది వాంతి చేసుకుంటుంటే ఈ చేతులతో తిరిగి దణ్ణం పెట్టాను! ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలీదు.”

జుట్టు చెవుల మీదకొచ్చింది. మస్తాన్‌రావు చూడలేదు.

“ఆసుపత్రి ఖర్చులకని కార్డు ఇచ్చారు. దాని మీద ఆయన బొమ్మ ఇంత! నా కూతురి పేరు ఇంత! కౌంటర్లో అమ్మాయి పేరు కనపడక కళ్ళజోడు తెచ్చుకుంది. ఈలోపు కార్డు రంగు మారిందన్నారు, కొత్త కార్డు, మళ్ళీ మొదట్నుంచి నించోమన్నారు. బొమ్మ మాత్రం ఇంకా పెద్దదైంది. ఇంటికొచ్చి టీవీ పెడితే దేశం పరుగెడుతోందట! ఎక్కడికండీ పరుగు? నేనూ నా కూతురూ ఇంకా ఆ రోడ్డు మీదే ఉన్నాం. మమ్మల్ని ఎక్కించుకోకుండా ఎవరితో వెళ్తోంది ఈ దేశం?”

“ఏమయ్యా, భుజాలు దాటింది,” అంది తిరుపతమ్మ.

“నాన్నా, చాలు,” అంది స్నేహ.

అతనికి వినపడితేనా! ఇన్నేళ్ళ ‘అంతేనండి’లన్నీ ఒక్కసారిగా బయటికొస్తున్నాయి. అటువాళ్ళనీ వదల్లేదు, ఇటువాళ్ళనీ వదల్లేదు. వాళ్ళ గడ్డాలు గీస్తూ విన్న కోతలన్నీ ఏకరువు పెట్టాడు. నవ్వమంటే నవ్వినందుకు, ఊకొట్టమంటే ఊకొట్టినందుకు తననీ తిట్టుకున్నాడు. జుట్టు నడుము దాటింది, కుర్చీ దాటింది, నేల మీద పడి మాస్టారి చెప్పుల దాకా వచ్చింది. మాస్టారు కాళ్ళు పైకి పెట్టుకుని, నోరు మెదపకుండా విన్నాడు. గొంతు పూడుకుపోయాక మస్తాన్‌రావు ఆగి, గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

స్నేహ లేచి నిలబడింది. అద్దంలో తనని తాను చాలాసేపు చూసుకుంది. “ఇంత ఏం చేసుకోను నాన్నా? కత్తిరించు,” అంది, ఏడుస్తూనే నవ్వి.

“ఇవాళ మంగళవారం తల్లీ.”

చేసేదేం లేక జుట్టంతా చేతి మీద చీరలా మడతేసుకుని, చున్నీ లేకుండా స్టేషన్ రోడ్డు మీద నడిచింది. అరటిపళ్ళ బండి శేషారత్నం కేకేసింది.

“ఏంటమ్మాయ్, మాస్టారి పనేనా?”

“కాదు పిన్నీ, మా నాన్నే.”

“ఎవరు, మస్తానా?” శేషారత్నం గెల కింద పెట్టేసింది. “మస్తాన్ మాట్లాడాడా?”

సాయంత్రానికి ఊరంతా అదే వింత. మస్తాన్ మాట్లాడాడట.

బుధవారం గిరాకీ మొదలవకముందే కూతుర్ని అదే కుర్చీలో కూర్చోబెట్టి, నడుము దాకా ఉంచి మిగతాది కత్తిరించాడు. పుట్టువెంట్రుకలు తీసిన తరవాత ఆ తల మీద అతను కత్తెర పెట్టడం అదే మొదలు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు, ఎక్కడ మళ్ళీ పెరుగుతుందోనని.

గురువారం స్నేహ బాపట్ల బండెక్కింది. మధ్యాహ్నం ఫోన్ మోగేసరికి మస్తాన్‌రావు ఎవరి గడ్డానికో నురగ రాస్తున్నాడు. బెంచీ మీద మాస్టారు పేపరు చదువుతున్నాడు, ఆశ్చర్యంగా మనసులోనే.

“నాన్నా, జడ కొస కోసం కొట్టుకున్నారు. ప్రేయరు ఆలస్యమైంది.”

“కొట్టుకోనీ తల్లీ,” అన్నాడు.

“ఇంకోటి నాన్నా. పొద్దున బండిలో ఒకావిడ నా పక్కన కూర్చుంది. విజయమ్మ గారంట, రేపల్లె నుంచి వచ్చి తెనాల్లో బండి మారారు. తలకి గుడ్డ కట్టుకున్నారు. దారి పొడుగునా నా జడ వంకే చూశారు. చెప్పేశాను నాన్నా. మంగళవారం రావచ్చా అని అడిగారు.”

“మంగళవారం సెలవమ్మా,” అన్నాడు అలవాటుగా.

“అదే చెప్పాను. ఆవిడ తరఫున మాట్లాడ్డానికి కూడా ఎవరూ లేరంట.”

మస్తాన్‌రావు తల ఎత్తి బోర్డు వంక చూశాడు. మాస్టారు పేపరు దించి అతని వంక చూశాడు. గడ్డం నురగతో ఉన్న మనిషి అద్దంలోంచి ఇద్దరినీ చూశాడు.

“రమ్మనమ్మా,” అన్నాడు మస్తాన్‌రావు. “మొన్న ఢిల్లీతోనే సరిపోయింది. నా దగ్గర ఇంకా చాలా ఉంది.”