ముందువైపు గొర్రెపిల్ల

పెళ్ళయినా చావయినా మెడలో టేపు తీయడు కాబట్టి ఆయన్ని అందరూ టేపు మావయ్య అంటారు. ఫాదర్లు పూజ చేసేటప్పుడు తెల్ల అంగీ మీద వేసుకునే వెడల్పాటి పై వస్త్రాలు కుట్టడం ఆయన పని. వాటికి చేతులుండవు. ఎవరైనా మొహమాటం లేకుండా చొక్కాగుడ్డ పట్టుకొస్తే, "చేతులున్న బట్టలు నాకు అలవాటు తప్పాయండీ" అని మర్యాదగా పంపించేస్తాడు.

పనంతా ఇంటి ముందుగదిలోనే. కత్తిరించేదీ కుట్టేదీ ఆయన. కిటికీ పక్కన చట్రం బిగించుకుని బంగారు దారంతో బొమ్మలు తేల్చేది అత్తయ్య. ద్రాక్షగుత్తులైతే ఆవిడ పక్కింటావిడ మీద చాడీలు చెప్పుకుంటూ కూడా కుట్టేయగలదు. ఎంతోమంది ఫాదర్లు వీళ్ళ చేతి గుడ్డల్లోనే పీఠం ఎక్కారు గానీ, సొంతింటివాడికి కుట్టే యోగం ఇప్పుడొచ్చింది. అక్క కొడుకు ఫాదర్ అవుతున్నాడు. శనివారం గురుపట్టాభిషేకం, ఆదివారం ఫాదర్‌గా తొలి పూజ. ఈ బల్ల కిందే గుడ్డపీలికలు భుజాన వేసుకుని, బిస్కెట్లతో పూజ చేసిన పిల్లాడు. వాడు తను కుట్టింది వేసుకుని పీఠం ముందు నిలబడితే చాలు, ఆ తరవాత కత్తెర అటకెక్కించినా ఫరవాలేదన్నది మావయ్య మనసులో మాట. పైకి మాత్రం, "తప్పుతుందా, కుట్టాలి కదా" అని విసుక్కుంటూ తిరిగాడు.

అబ్బాయి అడిగింది ఒక్కటే. "తెల్లగా, సాదాగా ఉంటే చాలు మావయ్యా. ఒక చిన్న సిలువ."

మిగతావన్నీ వాళ్ళమ్మ అడిగింది.

మొదట గులాబీరంగుది కుట్టమంది. ఏడాది మొత్తంలో రెండు ఆదివారాలే వేస్తారట, నలగదు, గిట్టుబాటు. తొలి పూజకి తెలుపే ఉండాలని తెలిశాక, "తెలుపైతే నిండుగా ఉండాలి" అంది. నిండుగా అంటే గోధుమకంకులు, ద్రాక్ష, పాత్ర, పావురం, వీటన్నిటి మధ్యా దర్జాగా పడుకున్న గొర్రెపిల్ల. అన్నీ ముందువైపే. తోటికోడలి కొడుకు తొలి పూజకి ఒక్క పావురంతోనే సరిపెట్టుకున్నారని ఆవిడకి బాగా గుర్తు.

"కొంచెం వెనక్కి కూడా పంచుదామా అక్కా?"

"వెనకెవరు చూస్తార్రా? జనమంతా ముందుంటే."

"పీఠం వెనక సిలువ మీద ప్రభువు ఉంటాడుగా, ఆయన చూస్తాడు," అన్నాడు బావ, పేపర్లోంచి తలెత్తకుండా.

"ఆయన వెళ్ళి మా తోటికోడలికి చెప్పడుగా," అంది అక్క.

ముందెంత బరువుంటే వెనకా అంత ఉండాలి, లేకపోతే వస్త్రం భుజాల మీద నిలవదు. ఇది మావయ్యకి తెలియక కాదు. అక్కకి కాదని చెప్పడమే ఆయనకి తెలియదు. చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆవిడే. అప్పటినించీ ఆవిడ ఎటు లాగితే అటే. "చూద్దాంలే" అనుకుని కత్తెర పట్టాడు.

గురువారం సాయంత్రం తొడిగి చూశారు. భోజనాల బల్ల పీఠం అయింది. అబ్బాయి వస్త్రం తలమీదుగా వేసుకుని నిలబడగానే గదంతా మెత్తబడింది. అక్క కళ్ళద్దాలు తుడుచుకుంది. బావ పేపర్ దించాడు.

"ఇప్పుడు ప్రార్థనకి చేతులెత్తు నాన్నా," అన్నాడు మావయ్య.

అబ్బాయి చేతులు చాచి పైకెత్తాడు. గొర్రెపిల్ల బయల్దేరింది. దాని వెంట పావురమూ, పాత్రా, పంట మొత్తమూ కిందికి జారాయి. ముందు అంచు బూట్ల మీద కూర్చుంది. వెనక అంచు నడుము దాకా లేచింది. మెడపట్టీ వెనకనించి మెడని వంచేసింది. ప్రార్థన చేస్తున్నవాడిలా లేడు, కింద పడిన సూది వెతుకుతున్నవాడిలా ఉన్నాడు.

"అంతెత్తు ఎత్తాలా? కాస్త తగ్గించుకోరా," అంది అక్క.

"అది నేను పెట్టిన రూలు కాదమ్మా."

"మన పెద్ద ఫాదర్ గారు మోచెయ్యి కూడా కదపరు. ఆయన ప్రార్థన దేవుడు వినట్లేదా?"

"ఆయనకి భుజం నొప్పి, వదినా," అంది అత్తయ్య.

అప్పుడు బావకి ఉపాయం తట్టింది. కిటికీ తెరల అంచుల్లో సీసపు బిళ్ళలుంటాయి, అవి తీసి వెనక అంచులో కుట్టేస్తే సరి. ముందుగది తెరలు దిగిపోయాయి. బిళ్ళలు కుట్టాక అబ్బాయి చేతులెత్తితే వస్త్రం నిజంగానే నిలిచింది. మోకాలు వంచగానే వెనక అంచు నేలకి తగిలి ఠంగుమంది.

"ఎవరో వచ్చినట్టున్నారు, తలుపు చూడండి," అన్నాడు బావ.

అబ్బాయి నవ్వాడు. వస్త్రం తీసి, మావయ్య నేర్పినట్టే భుజాలు కలిపి మడిచి బల్ల మీద పెట్టాడు. "గొడవెందుకులే మావయ్యా. చర్చిలో అందరికీ పనికొచ్చే తెల్లది ఒకటుంది. అది వేసుకుంటాను."

కోపంగా అన్నా బాగుండేది. మెత్తగా అన్నాడు. చర్చిలో ఉన్న ఆ గుడ్డ మావయ్యకి తెలుసు. పార్సిల్లో వచ్చిన సరుకు. దాని మీది గోధుమకంకులు చూస్తే చీపురు గుర్తొస్తుంది.

ఆయన టేపు రెండు కొసలూ గట్టిగా పట్టుకున్నాడు. "గొర్రెపిల్ల వెనక్కి పోవాలి అక్కా."

బావ మళ్ళీ పేపర్ చాటుకి వెళ్ళిపోయాడు. అక్క తమ్ముణ్ణి కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"వెనకంటే ఎంత వెనక?"

"వెనకంటే వెనకే."

"భుజం మీద పెట్టకూడదా? పక్కనించి అయినా కనబడుతుంది."

"కుదరదక్కా. గొర్రెపిల్లా పావురమూ వెనక్కి. మిగతావి ముందు. లేదంటే వాడు పార్సిల్ గుడ్డ వేసుకుంటాడు. ఇందులో నీ ఇష్టం లేదు, నా ఇష్టం లేదు. బరువు చెప్పినట్టు వినాలి."

ఇంత మాట అన్నందుకు ఆయనకే చెమట పట్టింది.

అక్క బల్ల మీది మడత వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇలా తే. నువ్వు విప్పితే దాని కాళ్ళు తెగ్గొడతావ్."

బొమ్మలు ఎప్పుడూ వేరే గుడ్డ మీద కుట్టి, తరవాత వస్త్రానికి అతికిస్తారు. అంచు కుట్లు విప్పితే గొర్రెపిల్ల క్షేమంగా ప్రయాణం చేస్తుంది. సీసపు బిళ్ళలు మళ్ళీ తెరలకే వెళ్ళాయి. అక్క ఒక్కో పోగూ లాగుతూ, "తోక ఎంత ముద్దుగా కుట్టావే" అంది మరదలితో, పోయినవాళ్ళని తలుచుకుంటున్నట్టు.

"ఆ తోక నా ప్రాణం తీసింది వదినా."

"పాపం, ఎవరూ చూడరు."

"పీఠం వైపు నడుస్తున్నప్పుడు, దాటిపోయాక జనానికి కనబడేది వీపే కదమ్మా," అన్నాడు అబ్బాయి.

అక్క చెయ్యి ఆగింది. "అయితే మెల్లగా నడు."

ఆదివారం అబ్బాయి ఎంత మెల్లగా నడిచాడంటే పాటవాళ్ళు ఆఖరి చరణం మళ్ళీ ఎత్తుకోవలసి వచ్చింది. తోటికోడలు మెడ చాపి మరీ చూసింది. అక్క అదేమీ గమనించనట్టు పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది, పేజీ తిప్పకుండా.

ప్రార్థనకి చేతులు లేచాయి. మావయ్య ఒక్క మాటా వినలేదు. అంచునే చూస్తున్నాడు. అంచు ఉన్నచోటే ఉంది. "ఊపిరి తీసుకోండి," అని అత్తయ్య మోచేత్తో పొడిచింది.

పూజ అయ్యాక కొత్త ఫాదర్ దీవెనలిస్తున్నాడు. అమ్మానాన్నల తరవాత మావయ్య వంతు. ఆయన మోకరించాడు. తలమీద చెయ్యి పడింది. కళ్ళెదుట తెల్లటి అంచు. ఆయన వేళ్ళు వాటంతటవే వెళ్ళి దాన్ని పట్టుకుని, కాస్త లాగి, సరిచేశాయి.

"కళ్ళు మూసుకో మావయ్యా," అని పైనించి గుసగుస.

"మూసుకుంటాను గానీ, రెండో చెయ్యి కూడా ఎత్తు నాన్నా. ఒక్కసారి దగ్గర్నించి చూడనీ."

కొత్త ఫాదర్ రెండు చేతులూ ఎత్తాడు.